అగ్ని యెదుట ఆహార్యము

మా ఖిల్లా ఘణపురమున కొండమీద కోటయు, దిగువ గణపసముద్రమను చెరువును కలవు. చూడవచ్చినవారు ఈ రెంటిని చూచి పోవుదురు. నాకు మాత్రము ఊరనగానే పీర్ల పండుగనాటి అగ్నిగుండము జ్ఞప్తికి వచ్చును. మొహర్రం దినములలో పీర్ల చావిడి యెదుట గుండము త్రవ్వి, కట్టెలు పేర్చి నిప్పు రాజవేయుదురు. హిందువులు, మహమ్మదీయులు అను భేదము లేక పల్లెవాసులు డప్పుల మ్రోతకు దాని చుట్టును అలాయి ఆడుదురు. కొందరు నిప్పులపై నడతురు.

నా చిన్ననాట వీధి భాగవతులకు దివిటీలే దీపములు. హిరణ్యకశిపుని వంటి రౌద్రపాత్ర ప్రవేశించునప్పుడు గుగ్గిలపు పొడిని దివిటీపై చల్లెడివారు. మంట భగ్గున లేచెడిది. పిల్లలము తల్లుల వెనుక దాగెడివారము. అందరును రాజును చూచుచుండగా, నా చూపు దివిటీ పట్టిన మనిషిమీద నిలిచెడిది. అతడు పంచెను మోకాళ్ళపైకి ఎగగట్టి గోచి బిగించెడివాడు. ఒంటిపై అంగీ లేదు; వ్రేలాడు కండువా లేదు; తలకు నూలు రుమాలు మాత్రము. పేదరికమే అందుకు కారణమని తలపకుడు. పండుగపూట అతడును అంగీ తొడిగెడివాడే.

1972వ సంవత్సరమున నాకు పదియేండ్లు. ఆ యేటి పీర్ల పండుగకు పట్నమునుండి వచ్చిన యువకుడొకడు క్రొత్త టెర్లిన్ చొక్కాతో అలాయి ఆడెను. అప్పట్లో ఆ బట్ట యనిన ఊరంతకు వింత. ఉతికిన గడియలో ఆరును, ఇస్త్రీ అక్కరలేదు. ఆటవేగమున అతని చేయి గుండముమీదికి వ్రాలి, చొక్కా అంటుకొనెను. అతడు భయముతో పరుగెత్తెను. పరుగెత్తిన కొలది మంట హెచ్చెను. అంతలో కురుమ పెద్ద యొకడు అడ్డుపడి, వానిని నేలపై పడద్రోసి, తన భుజముమీది గొంగడిని కప్పి అదిమెను. మంట ఆరినది గాని, కరగిన బట్ట లక్కవలె చర్మమునకు పట్టుకొన్నది. దానిని ఊడబెరుక బోయిన వారిని ఆ పెద్దయే వారించెను. యువకుడు బ్రదికెను. మోచేయి మాత్రము తిరిగి పూర్తిగా చాగలేదు. గొంగడి చెక్కుచెదరలేదు.

ఒకే మంటలో ఒక బట్ట కరగనేల, ఇంకొకటి నిలువనేల? దీనికి సమాధానము నాకు చాలకాలము తరువాత పుస్తకములలో దొరికినది. టెర్లిన్ పాలిస్టరు జాతి బట్ట. అది సుమారు 260 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి కరగి, మండుచునే బొట్లుగా కారును. నూలు కరగదు గాని త్వరగా అంటుకొనును. గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్ళుండగా, నూలు మండుటకు 18 పాళ్ళు చాలును. ఉన్నికి దాదాపు 25 పాళ్ళు కావలెను; అందుచేతనే నిప్పు తొలగింపగానే ఉన్ని తనంత తానే ఆరిపోవును. ఈ లెక్కలు తెలియకున్నను మన కురుమలు గొంగడిని నమ్మిరి. నూలులోను భేదము కలదు: చిక్కగా నేసిన దళసరి బట్ట నిదానముగ అంటుకొనును, పలుచనిది, నూగు లేచినది చటుక్కున మండును.

ఈ ఆపద మన పల్లెలకే పరిమితము కాదు. బట్టను కొన్ని లవణముల ద్రావణమున ముంచిన సులభముగ మండదని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గే-లూసాక్ 1821లోనే ప్రకటించెను. అయినను పారిస్ ఒపెరాలో ఎమ్మా లివ్రీ యను యువనర్తకి అట్టి బట్టను నిరాకరించెను. అది బిరుసెక్కి, మాసినట్లుండునని ఆమె అభ్యంతరము. 1862 నవంబరు 15న అభ్యాసవేళ ఆమె పలుచని పావడ గ్యాసు దీపమునకు తగిలి అంటుకొన్నది. ఎనిమిది మాసములు బాధపడి, మరుసటి యేడు జూలై 26న ఆమె మరణించెను. ఆమెను అవివేకి యనుటకు నాకు నోరాడదు. రంగస్థలముపై అందముగ కనబడవలెనను కోరిక ఎవరికి లేదు?

అదే కోరిక 2009లో మా పాఠశాల వార్షికోత్సవమున ఎదురైనది. హిరణ్యకశిప వేషము కట్టు బాలుడు తళుకుబట్టల అంగరఖా తెచ్చుకొన్నాడు. “అయ్యవారూ, నూలు కడితే రాజుననిపించనండీ” అని వాని మొర. నేను వాదింపలేదు. ఇసుకపళ్ళెము తెప్పించి, మూడు బట్టల పోగులను పట్టకారుతో పట్టి నేనే కాల్చి చూపితిని. నూలు పోగు కాగితము కాలిన వాసనతో మండి మెత్తని బూడిదయైనది. గొంగడి పోగు వెండ్రుకలు కాలిన వాసన వేసి ఆరిపోయినది. తళుకు పోగు ముడుచుకొని, కరగి, నల్లని గట్టి పూసయైనది. బాలుడు ఆ పూసను చాలసేపు చూచి, అంగరఖాను మడిచి పెట్టెలో పెట్టినాడు.

ఇక రాజవేషమెట్లు? వాని తల్లి తన పాత గద్వాల చీరను తెచ్చినది. గద్వాల చీరకు నడిమి భాగము నూలు, అంచును కొంగును పట్టు. పట్టును సులభముగ అంటుకొనదు. దానిని కొంగు వ్రేలాడకుండ పంచెకట్టుగా బిగించితిమి. నైలాను గడ్డమును తీసివేసి బొగ్గుతో మీసములు దిద్దితిమి. గుగ్గిలము చల్లుపని నేనే పూని, దివిటీని వానికి ఆరడుగుల దూరమున, గాలికి ఎదురు కాకుండ నిలిపితిని. తెర ప్రక్కన ఇద్దరు బాలురు గొంగడి పట్టుకొని, బట్ట అంటుకొన్నచో పరుగెత్తనీయక పడుకోబెట్టి కప్పవలెనని వల్లించుచు నిలిచిరి. కాలిన చోట ఇరువది నిమిషములు పోయుటకు చల్లని నీళ్ళ కుండలు సిద్ధముగ నుండెను.

గుగ్గిలపు మంట లేచినప్పుడు పట్టు అంచు మెరసెను. సభ కరతాళధ్వనులతో మారుమ్రోగెను. మరునాడు ఆ తల్లి చీరను ఎండవెలుగున విప్పి, ఒక అంచునుండి రెండవ అంచు వరకు వెదకి చూచుకొన్నది. గుగ్గిలపు వాసన తప్ప మరేమియు కానరాలేదు.