ఐదో నెలలో ఐరోపా ప్రయాణం

"అమ్మా, నువ్వు వద్దంటే మానుకుంటాం" అని మా అమ్మాయి బెంగుళూరు నుంచి ఫోన్లో అన్నప్పుడు నాకు నోట మాట రాలేదు. అక్టోబరులో పారిస్, స్విట్జర్లాండ్ చూసి రావాలని అల్లుడూ తానూ రెండేళ్ళుగా డబ్బు కూడబెట్టుకున్నారు. టికెట్లు కొన్న మూడు వారాలకే అమ్మాయి నెల తప్పింది. లెక్క చూస్తే ప్రయాణం నాటికి ఐదో నెల.

మా కర్నూలు ఇంట్లో సంతోషం ఒక పూట, వాదన నాలుగు రోజులు! "చూలాలు సముద్రాలు దాటడమేంది వదినా?" అనింది వియ్యపురాలు. మా ఆయన పేపరు మడిచి, "మీ ఆడవాళ్ళ సంగతి మీరే తేల్చుకోండి" అని తప్పుకున్నారు. ఇలాంటప్పుడే మగవాళ్ళకు ఎక్కడలేని తెలివి వస్తుంది. నేను మాత్రం అవుననలేదు, కాదనలేదు. ఎందుకో మీకు చెప్తాను. అప్పటివరకు మా అమ్మాయికి కూడా చెప్పలేదు.

1998లో నాకు ఇరవై యేండ్లు, మూడో నెల. ప్రొద్దుటూరులో మా పెదనాన్న కూతురి పెళ్ళి. కర్నూల్లో బస్సెక్కి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా పోవాలి. వెనక సీటు, గుంతల రోడ్డు. పెళ్ళి చూసి తిరిగొచ్చిన నాలుగో రోజు కడుపు నిలవలేదు. "బస్సెక్కొద్దంటే వింటివా?" అనింది మా అత్త. ఒక్కసారే అనింది, పాపం, మళ్ళీ ఎత్తలేదు. ఆమె ఎత్తకపోయినా నా మనసు ఊరుకోవాలి కదా! తర్వాత మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు తొమ్మిది నెలలూ వీధి చివర గుడికి కూడా నడవలేదంటే నమ్ముతారా?

అందుకే ఈసారి "నేనూ డాక్టరమ్మ దగ్గరికి వస్తా" అని బెంగుళూరు పోయినాను. అమ్మాయి అడగాల్సినవన్నీ కాగితం మీద రాసుకొచ్చింది. మధ్యలో నేను ఉండబట్టలేక, "బస్సు కుదుపులకు కడుపు పోతుందామ్మా?" అన్నాను. ఆమె నా ముఖం చూసి, "ఎన్నో నెలలో పోయింది?" అనింది. నేను అడిగింది నా గురించే అని ఎట్లా కనిపెట్టిందో! చెప్పినాను. మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో సగానికి పైగా పిండంలోని క్రోమోజోముల లోపం వల్లనేననీ, అది ముందే రాసిపెట్టినట్టు జరుగుతుందనీ, బస్సును తప్పు పట్టొద్దనీ అనింది.

ఆటోలో అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "ఇన్నేండ్లూ అది నీ మీదే వేసుకుంటివా అమ్మా?" అనింది. ఏం చెప్పాలి! బయటికి చూస్తూ కూర్చున్నాను.

డాక్టరమ్మ ప్రయాణానికి ఒప్పుకుంది. చిక్కులేమీ లేని కాన్పయితే 14 నుంచి 28 వారాల మధ్య కాలం ప్రయాణానికి అనువైనదట. 28 వారాలు దాటితే చాలా విమాన కంపెనీలు డాక్టరు సర్టిఫికెట్ అడుగుతాయి. 36 దాటితే సాధారణంగా ఎక్కించుకోరు. ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే భయం ఉంది కాబట్టి బిగుతు మేజోళ్ళు వేసుకోవాలి, నడవ పక్క సీటు తీసుకోవాలి, గంటకోసారి లేచి నడవాలి, నీళ్ళు బాగా తాగాలి. బెల్టు పొట్ట మీద కాదు, పొట్ట కింద పెట్టుకోవాలి. స్విట్జర్లాండ్‌లో రైలెక్కి యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ మంచుకొండకు పోవాలని వీళ్ళ ఆశ. ఆ స్టేషనే 3,454 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తు ఇప్పుడు వద్దనింది. అల్లుడి ముఖం కొంచెం వాడిపోయింది కానీ, నాకు మాత్రం ఒక బరువు దిగింది.

అసలు చిక్కు ఇన్సూరెన్సులో వచ్చింది. షెన్‌గెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. అది తీసుకుంటే చాలనుకున్నారు పిల్లలు. అమ్మాయి చిన్నక్షరాలు చదివితే, కడుపుతో ఉన్నందువల్ల వచ్చే ఖర్చులు అందులో లేవు! అవి కలిసే పాలసీ వెదకడానికి పది రోజులు పట్టింది, డబ్బూ ఎక్కువైంది. మీ ఇంట్లో ఎవరైనా ఇట్లా పోతుంటే ముందు ఆ కాగితం చదివించండి.

ఇక తిండి. పచ్చిపాలతో చేసిన మెత్తటి చీజ్ తినకూడదట. ఫ్రాన్సులో డబ్బా మీద "లే క్రూ" అని ఉంటే పచ్చిపాలని అర్థం. అమ్మాయి ఆ రెండు ముక్కలూ సెల్‌ఫోన్లో రాసిపెట్టుకుంది. నేను చెనిక్కాయల పొడి, కొర్ర బియ్యం, బొరుగులు మూటకట్టినాను. ఉగ్గాని చేసుకుంటుందని కరివేపాకు రెండు రెబ్బలు పెట్టబోతే, పచ్చి ఆకు అక్కడికి రానివ్వరట. పాలతో చేసినవీ, మాంసమూ మనం వెంట తీసుకుపోకూడదని యూరోపియన్ యూనియన్ నియమం. అంటే నెయ్యి కూడా పోయినట్టే!

ఐదు ఊళ్ళు కాస్తా రెండైనాయి. పన్నెండు రోజుల్లో తిరిగొస్తారు, సీమంతానికి ఇంకా టైముంటుంది. వియ్యపురాలు ఇప్పటికీ సగం మనసుతోనే ఉంది. కానీ ఉన్ని శాలువా మాత్రం తనే కొనిచ్చింది.

నాకిప్పుడు ఒకటే దిగులు. పిల్లకు రాగి ఉండలంటే ప్రాణం. నెయ్యి లేకుండా బెల్లం పాకంతో రెండుసార్లు కట్టినాను. ఒకసారి పొడి పొడిగా రాలిపోయినాయి, ఇంకోసారి రాళ్ళయినాయి. విడిపోకుండా, మెత్తగా కట్టే ఉపాయం మీలో ఎవరికైనా తెలిస్తే దయచేసి రాయండి. అక్టోబరు లోపల!