చల్లారిన పొయ్యి

మా వంటింటి గోడలో కొలువైన ఓవెన్‌గారికి ఆవిరితో స్నానం చేసే విద్య ఉంది. అడుగున పావు లీటరు నీళ్లు పోసి మీట నొక్కితే చాలు. మా ఇంట్లో మాత్రం ఎప్పుడు నొక్కినా కుయ్‌మని ఊరుకునేది.

"నువ్వే ఏదో చేసుంటావు" అన్నారు శ్రీవారు. ఆ నింద నేను పనిమనిషి మీదికి తోశాను. పాపం, ముఖం చిన్నబుచ్చుకుంది.

"కేకు తీసీ తియ్యగానే నొక్కుతున్నారు. పొయ్యి చల్లారకుండా ఎవరైనా అలుకుతారా అమ్మా?" అంది.

మర్నాడు పొద్దున్నే నొక్కాను. అరగంటలో జిడ్డంతా నానింది! లోపల వేడి ఉంటే అది మొదలవదని ఓవెన్‌తో వచ్చిన పుస్తకంలో ఉండనే ఉంది. బి.ఏ. చదివిన నేను అది చదవలేదు.

ఆవిరి నానబెడుతుంది గానీ తుడవదు. ఆ రోజు గుడ్డ నేనే పట్టాను.