ఆరు కాళ్ళ ఆక్టోపస్

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగితే మా బ్యాచ్ వాళ్ళం ఫోన్లలో చాలాసేపు వాదులాడుకున్నాం. మెస్ చారు గురించి మాకన్నా ముందువాళ్ళు ఎప్పుడో రాసేశారు. చివరికి ఒక పాత బాకీ గుర్తొచ్చింది. అది మా అందరిదీ కనుక అందరం కలిసే రాస్తున్నాం.

2003లో మేము పదో తరగతి. ఆ ఏడు హాస్టల్ డే రాత్రికి కాస్మెటిక్ చార్జీల డబ్బుల్లోంచి తలా రెండు రూపాయలు వేసుకుని టీవీ, సీడీ ప్లేయరు అద్దెకు తెచ్చాం. చిరంజీవి సీడీలన్నీ అప్పటికే ఎవరో పట్టుకుపోయారు. షాపువాడు "రాక్షసుల సినిమా, బాగుంటాది" అని ఒకటి అంటగట్టాడు. తీరా వేస్తే నలుపు తెలుపు బొమ్మ, ఆపైన ఇంగ్లీషు. పేరు 'ఇట్ కేమ్ ఫ్రమ్ బినీత్ ద సీ', 1955 నాటిది. చిన్న తరగతుల వాళ్ళు పది నిమిషాలకే చాపల మీద వాలిపోయారు.

మేము మాత్రం లేవలేదు. ఎందుకంటే సినిమా మొదలయ్యేదే సబ్‌మెరైన్‌తో. అంతకు ముందు ఏడాదే, 2002లో, ఆర్కే బీచిలో కురుసుర మ్యూజియం తెరిచారు. 91 మీటర్ల పొడవున్న ఆ ఇనుప గొట్టంలో వంగి వంగి నడిచి వచ్చినవాళ్ళం మేము. అలాంటిదాన్ని సముద్రం అడుగున ఏదో పట్టి ఆపేస్తుంటే భాష రాకపోయినా గుండె ఝల్లుమంది. కాసేపటికి ఆ ఏదో పైకొచ్చింది. కొండంత ఆక్టోపస్! శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్‌గేట్ వంతెనను చుట్టేసి విరుస్తోంది. అందరం నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే వెనక నుంచి ఒక గొంతు.

"ఒరే, దీనికి ఆరే కాళ్ళున్నాయేట్రా? ఎనిమిదుండాలి కదా!"

వాడి నాన్న ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల దగ్గర సరుకు మోసేవాడు. సెలవుల్లో వాడూ అక్కడే. ఆక్టోపస్‌ను చేత్తో పట్టుకున్నవాడు మా అందరిలో వాడొక్కడే. అయినా మేము నమ్మలేదు. "అమెరికావోడికి లెక్కలు రావు, నీకొచ్చేసినాయి" అని ఒకటే నవ్వు. మాయాబజార్‌లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగురుతుంటే మేమెవరమైనా లెక్కపెట్టామా? ఆ రాత్రి నుంచి వాడి పేరు ఆరుకాళ్ళోడు.

వాడు ఊరుకోలేదు. సైన్సు సారును అడిగాడు, అది ఎలా కదిలిందని. సారు చెప్పారు. అది చిన్న బొమ్మ. దాన్ని కొంచెం కదిపి ఒక ఫొటో తీస్తారు, మళ్ళీ కొంచెం కదిపి ఇంకొకటి. సెకనుకు 24 ఫొటోలు తిప్పితే బొమ్మ తనంతట తానే కదిలినట్టు కంటికి కనబడుతుంది. కాళ్ళ సంగతి మాత్రం సారు నవ్వేసి వదిలేశారు.

ఆ వారమే వాడు ప్రభుత్వం వాళ్ళిచ్చిన నోటుబుక్కు అంచుల మీద పేజీకొక బొమ్మ గీశాడు. గలగలా తిప్పితే ఆక్టోపస్ కాళ్ళు చాపి మూసేది. అందరం లాక్కుని లాక్కుని చూశాం. తరువాత తనిఖీలో పుస్తకం పాడుచేసింది ఎవరని అడిగినప్పుడు మాత్రం అందరం వాడివైపే వేలు చూపించాం. వాడి నాన్నను పిలిపించారు. ఆయన ఒకపూట కూలి పోగొట్టుకుని వచ్చి, వరండాలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేము కిటికీలోంచి చూశాం.

పరీక్షల తరువాత వాడు మళ్ళీ కనబడలేదు.

చాలా ఏళ్ళకు, స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు కింద ఫిట్టరుగా చేస్తున్న మావాడొకడు ఆ సినిమా గురించి చదివి అర్ధరాత్రి ఫోన్ చేశాడు. ఆ బొమ్మకు నిజంగానే ఆరు కాళ్ళే! దాన్ని కదిపిన రే హ్యారీహౌసెన్ దగ్గర డబ్బు తక్కువ. ఎనిమిది చేస్తే ఖర్చు, ఒక్కొక్క కాలూ కదపడానికి సమయం. అందుకని రెండు తగ్గించేశాడు. మిగతావి నీళ్ళ కింద ఉన్నాయని జనమే అనుకుంటారని ధైర్యం.

ఆయన 13 ఏళ్ళప్పుడు, 1933లో, కింగ్ కాంగ్ చూసి ఈ పిచ్చిలో పడ్డాడట. బొమ్మల లోపలి ఇనుప ఎముకలు, మనం బయాలజీలో చదివిన బంతిగిన్నె కీళ్ళతో సహా, తయారుచేసింది వాళ్ళ నాన్న. ఆయన మెషినిస్టు. బొమ్మలకు బట్టలు కుట్టడంలో అమ్మ సాయం. 1963లో 'జేసన్ అండ్ ది ఆర్గొనాట్స్'లో ఏడు అస్థిపంజరాలు కత్తులు దూసే ఒక్క పోరాటానికి నాలుగున్నర నెలలు పట్టింది. సినిమాలో అది కొద్ది నిమిషాలే! 1993లో జురాసిక్ పార్క్ వచ్చాక ఇలాంటి పని చాలావరకు కంప్యూటర్లకు పోయింది. హ్యారీహౌసెన్ 2013లో, 92 ఏళ్ళ వయసులో చనిపోయాడు.

ఆ ఫోన్ వచ్చిన రాత్రి మాలో ఎవరికీ నిద్ర పట్టలేదు. హార్బర్‌కు వెళ్ళి అడిగాం. కుటుంబం ఊరు మారిందన్నారు, ఎటో తెలియదన్నారు.

ఒరే, ఈ పుస్తకం ఎవరిచేతైనా నీకు అందితే చదువు. ఆరే ఉన్నాయిరా. నువ్వు సరిగ్గానే లెక్కపెట్టావు. నీ నోటుబుక్కు ఆ రోజు చెత్తలో పడేస్తే మాలో ఒకడు తీసి దాచాడు, భయపడి చెప్పలేదు. అట్ట ఊడిపోయింది గానీ బొమ్మలు బాగానే ఉన్నాయి. మొన్న తిప్పి చూశాం. ఎనిమిది కాళ్ళూ కదులుతున్నాయి. వచ్చి పట్టుకెళ్ళు.