ఫిజిక్సు చదివి ఏం జేస్తావురా?

క్వాంటం ఫీల్డ్ థియరీ అనగానే చాలామందికి భూమి లోపలి ప్రయోగాలే గుర్తొస్తాయి. మన కుప్పం పక్కన కోలార్ బంగారు గనుల్లో, 2 కిలోమీటర్లకు పైగా లోతున, 1965లో న్యూట్రినోల జాడ పట్టారు చూడండి, అలాంటివన్నమాట.

కానీ అవే లెక్కలు మామూలు ఘనపదార్థానికీ పనికొస్తాయి. ఒక చిన్న స్ఫటికంలో పరమాణువులు కోటానుకోట్లు. ఒక్కోదాన్నీ విడిగా లెక్కగట్టడం ఎవరి తరమూ కాదు. అందుకే మొత్తాన్నీ ఒక క్షేత్రం అనుకుని, అందులో లేచే అలలనే కణాలుగా లెక్కేస్తారు. పరమాణువుల ఊగులాట అలకి ఫోనాన్ అని పేరు. ఈ ఫోనాన్ల వల్లే ఎలక్ట్రాన్లు జంటకట్టి, కరెంటు అడ్డం లేకుండా పారుతుందని 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ తేల్చారు. మదనపల్లె డాక్టరు ఎమ్మారై రాస్తే మనల్ని దూర్చే పెద్ద గొట్టం చుట్టూ సాధారణంగా ఉండేది అలాంటి తీగే.

తమాషా ఏంటంటే, ఆ తీగ లోపల ఫోటాన్ బరువున్నదానిలా నడుచుకుంటుంది. కణాలకి బరువు రావడానికీ ఇదే దారి కావచ్చని 1963లో ఆండర్సన్ రాశాడు. 1964లో హిగ్స్ తదితరులు దాన్ని పూర్తిచేశారు. 2012లో సెర్న్‌లో ఆ కణం దొరికింది. అంటే తీగముక్క విశ్వానికి పాఠం చెప్పింది!

ఇదంతా ఎందుకంటే, పుంగనూరులో మా చిన్నాన్న కొడుకు ఇంజనీరింగు వద్దు, బీయస్సీ ఫిజిక్సు చదువుతానంటున్నాడు. "అది చదివి ఏం జేస్తావురా?" అని ఇంట్లో ఒకటే గొడవ. ఉద్యోగం గ్యారంటీ అని నేనూ చెప్పలేను. కానీ ఇష్టంలేని ఇంజనీరింగుకీ నాలుగేళ్ళు పడతాయి కదా! ఏమంటారు?