తకల్లుఫ్

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఆ అమ్మాయి వాళ్లమ్మ నా చేతికో చిన్న డబ్బా ఇచ్చి, "మేరీ బచ్చీ ఆప్ కే హవాలే, భాయి" అంది. డబ్బాలో ఖజూర్, కాసిని నాన్‌ఖటాయిలు. ఆ మాట విన్నాక నా చేతిలో ఉన్న పది పాస్‌పోర్టుల కట్ట ఒక్కసారిగా బరువెక్కింది. అమానత్ అంటే ఏంటో మనకి ఒకరు చెప్పక్కర్లేదు కదా.

మా ఊరి స్కూలుకీ, జపాన్‌లో కోబె దగ్గరి ఒక స్కూలుకీ ఎక్స్‌ఛేంజ్. తొమ్మిది, పది తరగతుల పిల్లలు పదిమంది, వాళ్లలో మనవాళ్లు నలుగురు. తోడు వెళ్లాల్సిన మాస్టారికి టైముకి పాస్‌పోర్టు రాలేదు. స్కూలు కమిటీలో ఉన్నాననీ, జర్నలిస్టుననీ టీచరమ్మతో పాటు నన్ను పంపారు. బ్యాంకాక్ మీదుగా కాన్సాయ్. పన్నెండు రోజుల సఫర్.

పిల్లలకి అక్కడ హోటళ్లు లేవు. ఒక్కో ఇంట్లో ఒక్కో పిల్లో, పిల్లాడో మెహమాన్. అందుకని మూడు నెలల ముందే ఒక ఫారం వచ్చింది. "తినకూడనివి ఏమైనా ఉన్నాయా?" అని అందులో ఒక గడి. నింపింది నేనే. హలాల్ అంటే ఏంటో రాయాలి, పంది వద్దనాలి, మద్యం వద్దనాలి, నమాజ్ గురించి చెప్పాలి. ఇంత పెద్ద కథ చూసి వాళ్లు "ఈ పిల్లలతో తక్లీఫ్" అనుకుంటారేమోనని భయపడ్డాను. పదిమందికీ ఒకే మాట రాసేశాను: వెజిటేరియన్. మన నలుగుర్నీ పక్కకి పిలిచి, "సర్దుకుపోండి బేటా. సఫర్‌లో కస్ర్ ఉంది కదా, నమాజులు మీ గదిలో చూసుకోండి. ఎవర్నీ ఏమీ అడగొద్దు" అని నసీహత్ కూడా చేశాను.

జపాన్ స్కూలు మా పిల్లలకి తెగ నచ్చింది. గుమ్మం దగ్గర బూట్లు విప్పి లోపలి చెప్పులు వేసుకోవడం, గదులు, వరండాలు పిల్లలే తుడుచుకోవడం, మధ్యాహ్నం తెల్ల టోపీలు పెట్టుకుని పిల్లలే పిల్లలకి వడ్డించడం. మా వాళ్లకి మాత్రం బస చేసిన ఇళ్ల నుంచి డబ్బాలు వచ్చేవి. నాలుగో రోజు గది తుడుస్తూ తుడుస్తూ ఆ అమ్మాయి గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. కళ్లు తిరిగాయట. టీచరమ్మ డబ్బా తెరిచి చూపించింది. తెల్లన్నం, ఉడికించిన క్యాబేజీ, రెండు టోఫు ముక్కలు. "నాలుగు రోజులుగా ఇదేనట సార్, రెండు పూటలా" అంది.

"చెప్పొచ్చు కదా బేటీ?" అన్నాను.

"మీరే కదా చాచా, అడగొద్దన్నారు?"

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాం. ఇంటావిడకి యాభై పైనే ఉంటాయి. ఫ్రిజ్ మీద నా ఫారం జపనీస్ కాపీ అంటించి ఉంది. అక్కడ చారు, కూర దాదాపు అన్నిటికీ చేప పొట్టుతో కాచిన దాషి అనే నీళ్లే మూలం. ఆవిడ ఈ పిల్ల కోసం అది మానేసి, సముద్రపు నాచుతో వేరే దాషి కాచింది. కొత్త గిన్నె కూడా కొన్నది. నా అబద్ధాన్ని నాలుగు రోజులపాటు ఎంతో శ్రద్ధగా వండి పెట్టింది. పక్కనే ఇంట్లోవాళ్లు చేపలు తింటుంటే మా పిల్ల తలవంచుకుని క్యాబేజీ తింది.

నేను మాటలు కూడబలుక్కుంటున్నాను. ఇంతలో ఆ అమ్మాయే ఫోన్ తీసి తెలుగులో టైప్ చేసి, జపనీస్‌లోకి మార్చి ఆవిడకి చూపించింది. "నేను చేపలు తింటాను. పంది మాంసం, మద్యం నాకు నిషేధం. వేరే మాంసం హలాల్ అయితేనే తింటాను. రోజుకి ఐదుసార్లు నమాజ్ చేస్తాను, కాస్త చోటు కావాలి." నాలుగంటే నాలుగు వాక్యాలు. మూడు నెలల్లో నేను రాయలేకపోయినవి.

ఆవిడ రెండుసార్లు చదువుకుంది. వంటగదిలోకెళ్లి సీసాలన్నీ బల్ల మీద పేర్చింది. వంటల్లో పోసే తియ్యటి మిరిన్‌లో 14 శాతం దాకా మద్యం ఉంటుందని లేబుల్ చూపించి పక్కన పెట్టేసింది. సాన్మా చేపలకి ఉత్త ఉప్పు రాసి కాల్చింది. మగ్రిబ్ వేళకి చాప పరిచిన గది ఖాళీ చేసి, "ఏ వైపు?" అని సైగ చేసింది. అమ్మాయి ఫోన్‌లో ఖిబ్లా చూసుకుని పడమటి గోడ వైపు చూపించింది. తర్వాత ఆవిడ నాతో ఒకే మాట పదేపదే అంది: ఎన్‌ర్యో షినాయిదే. ఫోన్‌ని అడిగితే "మొహమాటపడొద్దు" అని చెప్పింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తకల్లుఫ్, మొహమాటం, ఎన్‌ర్యో. మూడు జబాన్లలోనూ ఈ మాట ఉంది, మూడు చోట్లా దాన్ని తహజీబ్ అనే అనుకుంటాం. కానీ నాది తహజీబేనా? ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసి తెలుగు పేపర్లో చేరిన కొత్తలో, రంజాన్‌లో ఇఫ్తార్‌కి లేవాల్సొస్తే పక్కవాళ్లకి "టీ తాగొస్తా" అని చెప్పి వెళ్లేవాణ్ని. ఎవరూ వద్దనలేదు. నేనే చెప్పలేదు. ఇరవై ఏళ్లుగా నేను మోస్తున్న డర్‌ని తీసుకెళ్లి పద్నాలుగేళ్ల పిల్ల కంచంలో వడ్డించాను.

ఆదివారం అందర్నీ కోబె మస్జిద్‌కి తీసుకెళ్లారు. తలకి రుమాలు కట్టుకుని ఇంటావిడ కూడా వచ్చింది. 1935లో తెరిచిన మస్జిద్ అది. అక్కడ తిజారత్ చేసుకునే హిందుస్తానీ ముస్లింలు కూడా చందాలేసి కట్టించారు. 1945 బాంబు దాడుల్లో చుట్టూ కాలిపోయినా నిలబడింది, 1995 భూకంపంలోనూ నిలబడింది. పరాయి ఊళ్లో మీనార్ లేపిన ఆ పెద్దలు ఏ ఫారంలోనూ "వెజిటేరియన్" అని రాసి ఉండరనిపించింది.

తిరిగొచ్చాక ఎయిర్‌పోర్టులో వాళ్లమ్మ అడిగిన మొదటి మాట, "ఏం తిన్నావే?"

"చేపలు అమ్మీ. రోజూ పెట్టారు" అంది ఆ అమ్మాయి నా వైపు చూడకుండా. నా ఇజ్జత్ కాపాడుతోంది. ఇప్పుడు తకల్లుఫ్ దాని వంతు.

"కాదు ఆపా" అన్నాను. ఫారం సంగతి, నాలుగు రోజుల క్యాబేజీ సంగతి, కళ్లు తిరగడం, అంతా చెప్పాను. మాఫీ అడిగాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. కూతురి మొహం అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత ఫ్లాస్కు తీసి, "చాయ్ తాగుతారా భాయి?" అంది.

అలవాటుగా "ఎందుకులెండి" అనబోయాను.

"తాగుతాను. ఆకలి కూడా వేస్తోంది" అన్నాను.