మిల్చిక్ సాబ్ పెద్ద మాటలు

సెవరెన్స్ రెండో సీజన్లో నాకు అందరికంటే బాగా నచ్చిన మనిషి హీరో మార్క్ కాదు, అతను మనసుపడ్డ హెల్లీ కూడా కాదు. వాళ్ళ నెత్తిన దారోగాలా నిలబడే మిల్చిక్ సాబ్. ఈ మాటంటే మా బేగం "మీకెప్పుడూ విలన్లే నచ్చుతారు" అంటుంది. విలనా కాదా అన్నది తర్వాత చూద్దాం. ముందు ఒక గుజారిష్. సీజన్ ఇంకా చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి. ఆఖరి ఎపిసోడు దాకా అన్నీ చెప్పేస్తున్నా.

కథ తెలియనివాళ్ళ కోసం ముఖ్తసర్‌గా చెప్తా. ల్యూమన్ అని ఒక కంపెనీ. అందులో ఒక అంతస్తులో పనిచేసేవాళ్ళ మెదడులో చిప్పు పెడతారు. లిఫ్టులో అక్కడికి దిగగానే బయటి జిందగీ మొత్తం మరిచిపోతారు. పెళ్ళాం, పిల్లలు, సొంతూరు, ఏదీ గుర్తుండదు. పైకి రాగానే లోపల చేసిన పని గుర్తుండదు. ఒకే ఒంట్లో ఇద్దరు మనుషులన్నమాట. పాపం లోపలివాడికి ఇల్లు లేదు, నిద్ర లేదు, ఇత్వార్ లేదు. లిఫ్టు తలుపు మూసుకుంటే సాయంత్రం, తెరుచుకుంటే మళ్ళీ పొద్దున. డాన్ ఎరిక్సన్ సృష్టించిన ఈ సీరియల్ మొదటి సీజన్ 2022 ఫిబ్రవరిలో వచ్చింది. రెండోది 2025 జనవరిలో. నడుమ 2023లో హాలీవుడ్ రచయితలు, నటులు హర్తాళ్ చేశారు. మొత్తానికి దాదాపు మూడేళ్ళ ఇంతెజార్.

ఆ ఇంతెజార్‌కి ఫలం దక్కిందా అంటే, ముప్పావు వంతు దక్కిందంటాను. పది ఎపిసోడ్లలో రెండు మూడు చోట్ల కథ నీళ్ళు కలిపిన పాలలా పలచబడింది. ఎనిమిదో ఎపిసోడు మొత్తం కోబెల్ మేడమ్ ఒక్కతే మంచు ఊళ్ళో తిరుగుతుంది. చివర్లో ఆమె చెప్పే రాజ్ గట్టిదే, కానీ దానికోసం అంతసేపు నడిపించక్కర్లేదు. మొదటి సీజన్ నుంచి జనం బుర్రలు బద్దలుకొట్టుకున్న మేకల ముఅమ్మా ఆఖరికి తేలింది. చచ్చినవాళ్ళ ఆత్మకి తోడుగా పంపడానికట. మేకల్ని సాకే ఆవిడ చివరి నిమిషంలో తన మేకను చంపనని ఎదురు తిరిగితే మా పిల్లలు చప్పట్లు కొట్టారు. ప్రతి బక్రీద్‌కి మా ఇంట్లో ఇదే తమాషా. నాలుగు రోజులు మేత వేసినవాళ్ళే అసలు రోజు ఏడ్చి గోల చేస్తారు.

ఖైర్, మిల్చిక్ దగ్గరికొద్దాం. ఇతను నల్లజాతి మనిషి. కంపెనీని పెట్టిన కియర్ ఈగన్‌ని అక్కడ పీర్‌లా కొలుస్తారు. గోడల నిండా ఆయన బొమ్మలే. మూడో ఎపిసోడులో మిల్చిక్‌కి పైవాళ్ళ నుంచి తోఫా వస్తుంది. విప్పి చూస్తే కియర్ పటాలే, కాకపోతే ముఖానికి నల్లరంగు వేసి గీయించారు. "చూడు, మా మహానుభావుడిలో నిన్ను నువ్వు చూసుకో" అని భావం. పటాలు మోసుకొచ్చిన నటాలీ కూడా నల్లజాతి అమ్మాయే. తనకూ ఇలాంటివే ఇచ్చారని, మనసు కదిలిపోయిందని చెప్తుంది. పెదాల మీద నవ్వు కదలదు, కళ్ళు మాత్రం వేరే ఏదో చెప్తుంటాయి. మిల్చిక్ షుక్రియా చెప్పి, ఆ పటాల్ని తీసుకెళ్ళి అల్మారాలో లోపలెక్కడో పెట్టేస్తాడు. తర్వాత ఒకసారి దాని గురించి నటాలీని కదిలించబోతే ఆమె నోరు విప్పదు. దావత్‌ల్లో నెత్తిన టోపీ పెట్టి, భుజం మీద చేయి వేసి ఫోటోలు దిగే నాయకుల్ని చూసి చూసి ఉన్నవాణ్ణి. ఆ నవ్వు నాకు బాగా తెలుసు.

ఇక ఐదో ఎపిసోడులో అతని పనితీరు మీద సమీక్ష. ఫిర్యాదులేమిటంటే, ఒకటి పేపర్ క్లిప్పులు తిరగేసి పెడుతున్నాడట. రెండోది, పెద్ద పెద్ద మాటలు మరీ ఎక్కువగా వాడుతున్నాడట. నిజమే, మిల్చిక్ మాట్లాడితే పాత కాలం వకీలు వాదించినట్టుంటుంది. ఆ జబాన్ అతను కష్టపడి సంపాదించుకున్న జాయిదాద్. దాన్నే జుర్మ్ చేశారు. ఆ తర్వాత అతను గదిలో ఒంటరిగా కూర్చుని క్లిప్పులు సరిగ్గా పెట్టడం సాధన చేస్తాడు. అద్దం ముందు నిలబడి తన పొడుగాటి వాక్యాన్ని కోస్తూ కోస్తూ పోతాడు. చివరికి మిగిలేది ఒకే ఒక్క మాట. ఆ సీను చూస్తూ నేను టీ తాగడం మరిచిపోయాను.

ఎందుకంటే పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో పంతం పట్టి తెలుగు తీసుకుని, ఒక పత్రిక డెస్కులో కుదురుకున్నవాణ్ణి. పత్రిక పేరు అనవసరం. నేను "జనాజా" అని రాస్తే పొద్దున "అంతిమయాత్ర" అని అచ్చయ్యేది. "ఉర్సు" అంటే "జాతర". ఒక మౌల్వీ సాబ్ పోయారు, "మర్హూమ్" అని రాశాను. తెల్లారేసరికి ఆయన "స్వర్గీయ" అయిపోయారు. సీనియర్ ఒకాయన ప్రేమగానే అనేవాడు, "భాయ్, కొంచెం ఉర్దూ తగ్గించు, పాఠకుడికి అర్థం కావద్దా?" అని. అదే పేజీలో తహసీల్దారు ఉండేవాడు. దరఖాస్తు, జప్తు, ఖైదీ, రాజీనామా, హాజరు, జరిమానా అన్నీ హాయిగా ఉండేవి. అవి ఎక్కణ్ణుంచి వచ్చాయో ఆయనకి పట్టింపు లేదు. నా చేతిమీదుగా వచ్చినవే ఉర్దూ మాటలు! అటు మా బంధువుల మధ్య కూర్చుంటే ఇంకో తీరు. "నీ ఉర్దూలో తెలుగు వాసన వస్తోంది మియా" అని నవ్వుతారు. అక్కడ తగ్గించాల్సింది తెలుగన్నమాట.

అందుకే తొమ్మిదో ఎపిసోడులో పెద్దసారు డ్రమ్మండ్ మళ్ళీ మాటల గురించి ఎగతాళి చేసినప్పుడు మిల్చిక్ తిరగబడితే నేను సోఫాలోంచి లేచాను. ముందు తన పద్ధతిలో ఒక బరువైన తిట్టు విసురుతాడు. వాడికి అర్థం కాలేదేమోనని దాన్నే పచ్చిగా, చిన్న మాటల్లో విడమరిచి చెప్తాడు. వాహ్! ఆ పాత్ర వేసిన ట్రామెల్ టిల్‌మన్‌కి 2025 సెప్టెంబరులో ఎమ్మీ వచ్చింది. డ్రామాలో ఉత్తమ సహాయ నటుడిగా ఆ ఇనాము అందుకున్న మొదటి నల్లజాతి నటుడు అతనే. హక్కుదారుకే దక్కింది. అయినా మిల్చిక్ కొలువు మాత్రం మానడు. తిట్టొచ్చి మళ్ళీ అదే కంపెనీకి బ్యాండుమేళం నడిపిస్తాడు. విలనా అంటే మరేం చెప్పను? ఈఎంఐలు ఉన్నవాణ్ణి అడగాల్సిన సవాల్ కాదది.

నోట్లో ఎవరి మాటలుండాలన్న గొడవ ఆ ఏడాది మిగతా సీరియళ్ళలోనూ కనిపించింది. బ్లాక్ మిర్రర్ ఏడో సీజన్ మొదటి కథలో అమాండా అనే టీచరమ్మ మెదడు కంపెనీ చందా మీద నడుస్తుంటుంది. చౌక ప్లానులో ఉన్నందుకు క్లాసులో పాఠం మధ్యలో తనకే తెలియకుండా ప్రకటనలు వల్లిస్తుంది. నాలుగు పేజీలు తిప్పితే గానీ మొదటి పేజీ దొరకని పత్రికల్లో పనిచేసినవాడికి అది సైన్స్ ఫిక్షన్ అనిపించలేదు. ఆండోర్ రెండో సీజన్ ఇంకా లోతుకి పోయింది. ఘోర్‌మన్ అనే గ్రహం కింద సామ్రాజ్యానికి కావాల్సిన ఖనిజం ఉంది. కాబట్టి ముందు ఆ జనం మీద ఖబర్లు తయారుచేస్తారు. వాళ్ళు పొగరుబోతులు, వాళ్ళని నమ్మకూడదు అని. మొదటి ఎపిసోడులోనే దానికోసం బల్ల చుట్టూ మీటింగు! తుపాకులు ఎనిమిదో ఎపిసోడులో పేలతాయి. ఆ తర్వాత సెనేట్‌లో మోన్ మోథ్మా లేచి, జరిగినదాన్ని దాని అసలు పేరుతో పిలుస్తుంది. నరమేధం అని. ఆ ఒక్క మాట అన్నందుకు ఆమె ఇల్లూ వాకిలీ వదిలి పరారవ్వాల్సి వస్తుంది. "ఘర్షణ", "ఉద్రిక్తత" అని హెడ్డింగులు దిద్దే డెస్కుల్లో రాత్రుళ్ళు గడిపినవాళ్ళకి ఆ మాట ఎంత బరువో తెలుసు.

మళ్ళీ సెవరెన్స్. ఆఖరి ఎపిసోడులో బయటి మార్క్, లోపలి మార్క్ వీడియో కెమెరాలో ఒకరికొకరు మాటలు రికార్డు చేసి పెట్టుకుని మొదటిసారి ముఖాముఖి అవుతారు. బయటివాడు చచ్చిపోయిందనుకున్న తన భార్య జెమ్మా అదే బిల్డింగు కింది అంతస్తులో ఖైదులో ఉంది. ఆమెను విడిపించమని లోపలివాణ్ణి బతిమాలతాడు. మాఫీ కూడా అడుగుతాడు. అంతా సవ్యంగా పోతుండగా లోపలివాడు ప్రేమించిన హెల్లీ పేరును తప్పు పలుకుతాడు. "హెలెనీ" అంటాడు. అంతే, లోపలివాడి ముఖం మారిపోతుంది. నా జిందగీ నీకు ఇంతేనా, ఆమె పేరు కూడా తెలుసుకోలేదా అన్నట్టు చూస్తాడు. ఇరవై ఏళ్ళు పక్క కుర్చీలో కూర్చుని నా పేరులోని "ఖ"ని "క" చేసినవాళ్ళు యాదికొచ్చారు. చెడ్డవాళ్ళు కాదు. టిఫిన్ డబ్బాలో సగం పెట్టేవాళ్ళు.

చివరికి లోపలి మార్క్ జెమ్మాని తలుపు దాటించి బయటికి పంపేస్తాడు. ఆమె అవతల నుంచి తలుపు బాదుతూ, ఏడుస్తూ రమ్మని పిలుస్తుంది. ఇతను ఒక్క క్షణం నిలబడి, వెనక్కి తిరిగి, హెల్లీ చేయి పట్టుకుని ఎర్రలైట్ల వరండాలో పరుగెడతాడు. మా బేగంకి ఆ రాత్రి అన్నం సయించలేదు. "నికా చేసుకున్న భార్యని అలా వదిలేస్తారా?" అని. నేనన్నాను, నికా చేసుకుంది వేరేవాడు కదా, వీడికి ఆమె ఎవరో తెలియనే తెలియదు. "ఒళ్ళు అదే కదా?" అంది. మూడో సీజన్ తీస్తామని ప్రకటించారు. మా ఇంట్లో మాత్రం ఈ ముఖద్దమా ఇంకా నడుస్తూనే ఉంది. పిల్లలు తల్లి తరఫు.