బేగంపేట దాటిన తర్వాత

విశాఖపట్నం నుంచి వచ్చిన మా అక్కయ్యను సికింద్రాబాదు స్టేషనులో కలుసుకొని, రాయదుర్గంలో ఉన్న ఆమె మనవడి ఇంటికి మెట్రో రైల్లో బయలుదేరాను. రైలు ప్రకాశనగర్ చేరేసరికి అక్కయ్య పాత విమానాశ్రయం వైపు చూచి, "ఒరే తమ్ముడూ, మీ బావగారిని దింపింది ఇక్కడే గదూ!" అన్నది.

అవును, ఇక్కడే. 2007లో బావగారికి గుండెజబ్బు ముదిరినప్పుడు, మామూలు ప్రయాణికుల విమానంలోనే కొన్ని సీట్లు మడిపించి, స్ట్రెచరు అమర్పించి తీసుకువచ్చాము. బేగంపేటలో దిగిన ఇరవై నిమిషాలకల్లా అంబులెన్సు ఆసుపత్రి చేరింది. ఊరి నడిబొడ్డున విమానాశ్రయం ఉండడం ఎంత భాగ్యమో ఆనాడు మాకు తెలియలేదు.

మరుసటి సంవత్సరమే ఆ భాగ్యం పోయింది. శంషాబాదులో కొత్త విమానాశ్రయం తెరవగానే పాతదానిలో ప్రయాణికుల విమానాలు ఆపివేయాలని ముందే ఒప్పందం. 2008 మార్చి 22 అర్ధరాత్రితో అవి ఆగిపోయినవి. ఊరు పెరిగింది, కొత్తది కావలసిందే, కాదనను. అద్దె విమానాలకూ, వాయుసేనకూ బేగంపేట తలుపులు నేటికీ తెరిచే ఉన్నవి. మూసింది మనబోటి టిక్కెట్టు ప్రయాణికులకే.

ఆ మే నెలలో బావగారిని మళ్ళీ తీసుకురావలసి వచ్చింది. ఈసారి శంషాబాదులో దిగాము. ఆరాంఘర్ నుంచి మెహదీపట్నం దాకా ఇప్పుడున్న 11.6 కిలోమీటర్ల పైవంతెన అప్పటికి లేదు. అది 2009 అక్టోబరులో వచ్చింది. గచ్చిబౌలి వైపు ఔటర్ రింగు రోడ్డు కూడా 2008 నవంబరు దాకా తెరవలేదు. ఆరాంఘర్ దగ్గర అంబులెన్సు లారీల నడుమ చిక్కుకొన్నది. నేను దిగి, ఒక్కొక్క డ్రైవరుకూ దణ్ణం పెట్టుకుంటూ ముందు నడిచాను. దైవం చల్లగా చూచి బావగారు దక్కారు. కాని ఆ అరగంటను అక్కయ్య ఈనాటికీ మరిచిపోలేదు.

"ఇప్పుడైతే ఏం చేస్తున్నారురా?" అని అడిగింది.

మేము కూర్చున్న ఈ లైనుమీదనే 2021 ఫిబ్రవరి 2న ఒక మనిషి గుండె ప్రయాణం చేసిందని చెప్పాను. దాత గుండెను నాగోలులో రైలెక్కించి, 21 కిలోమీటర్లూ అరగంటలోపల దాటించి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో దింపారు. అక్కడి నుంచి అపోలో ఆసుపత్రికి తీసుకువెళ్ళి మరొకరికి అమర్చారు.

"మధ్యలో ఎక్కడా ఆగకుండానా?"

"ఎక్కడా ఆగకుండానే."

అక్కయ్య చేతులు జోడించింది.

మాదాపూరు, దుర్గంచెరువు దాటాము. 1998లో సైబర్ టవర్సు ఒక్కదానినే వింతగా చూచిన చోట ఇప్పుడు అద్దాల మేడలు లెక్కకు మించి ఉన్నవి. రాయదుర్గంలో దిగి కిందికి వచ్చేసరికి అంబులెన్సు కూత వినిపించింది. రోడ్డు నిండా కార్లు. ఒక ఆటో కుర్రవాడు తన బండి ముందుచక్రాన్ని ఫుట్‌పాత్‌మీదికి ఎక్కించి, వెనుకనున్న కార్లవాళ్ళకు చెయ్యి ఊపాడు. ఒక్కొక్క కారే పక్కకు ఒదిగింది. అంబులెన్సు సాగిపోయింది.

విమానాలు దిగే చోటు దూరమైపోతే, ఆ దూరాన్ని తగ్గించవలసింది దారిలో ఉన్న మనమే కాబోలు.

"ఆరాంఘర్‌లో ఆనాడు ఇలాంటివాడు ఒక్కడుంటే!" అన్నది అక్కయ్య.

మనవడి ఇంటికి ఆ ఆటోలోనే వెళ్ళాము. అక్కయ్య నన్ను బేరమాడనివ్వలేదు.